గోరువంక కాలివేళ్లు

శోణపురి రాజోద్యానంలో చిలకలు నూట పన్నెండు. ఆ నూట పన్నెండింటినీ తరళ మూడు రోజుల్లో ఒక్కొక్కటిగా పట్టి చూసింది. రెక్కల కింద చూసింది, నాలుక కింద చూసింది, మెడ దగ్గర ఈకలు ఊది మరీ చూసింది. వేళ్లనిండా గాట్లు పడ్డాయి తప్ప ఒక్క చిలకలోనూ భస్మకేతుడి ప్రాణం దొరకలేదు.

మాంత్రికుడన్నవాడు ప్రాణాన్ని చిలకలో కాక మరెక్కడ దాస్తాడు? లోకమంతా అనుకునేది అదే. తరళ కూడా అదే అనుకుంది. అక్కడే బోల్తా పడింది.

ఇక మిగిలింది ఒక్క పూట. పన్నెండేళ్లకోసారి భస్మకేతుడు తన ప్రాణం చోటు మారుస్తాడు. ఈ రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి అతడే స్వయంగా తోటలోకి వచ్చి, ఆ పక్షిని ఇనప పెట్టెలో పెట్టించి సముద్రం అడుక్కి పంపేస్తాడు. ఇక మరో పన్నెండేళ్లు అతడి మీద ఈగ వాలదు. నల్లకొండ గుహలో తరళ చెర విడిపించిన యక్షిణి చెప్పిన రహస్యమిది. ఆ పక్షి ఒక్కో ఈకలో అతడి విద్య ఒక్కోటి ఉందనీ, పక్షి గొంతులో అతడి ప్రాణం ఉందనీ కూడా చెప్పింది. పోతూ పోతూ ఒక మూలిక ఇచ్చింది. దాన్ని నాలుక కింద పెట్టుకున్నంతసేపూ పంతొమ్మిదేళ్ల తరళ ఎనభై ఏళ్ల ముసలమ్మలా కనిపిస్తుంది. ఉమ్మేస్తే మళ్లీ తరళే.

ఇంతకీ తరళకు అతడి మీద పగ ఏమిటంటారా? చెబుతాను.

శోణపురికి ఆమడ దూరంలో, ఏటి ఒడ్డున రేచన ఒజ్జ బడి ఉండేది. దానికి గోడలు లేవు, కప్పు లేదు. మామిడితోపే బడి. పిల్లలు తెల్లవారగానే ఇసకలో జంతువుల అడుగులు చూసి ఏది ఎటు పోయిందో చెప్పేవాళ్లు. ఆకులు ఏరుకొచ్చి ఈనెలు లెక్కపెట్టేవాళ్లు. బంకమన్నుతో పీతల్ని, కప్పల్ని చేసేవాళ్లు. బొగ్గుతో, ఇటుకపొడితో, పసుపుతో కనిపించిందల్లా బండల మీద గీసేవాళ్లు. ఒజ్జ చెప్పే మాట ఒక్కటే: "చూసింది గియ్యండి. తెలుసనుకున్నది గియ్యకండి." ఆ రేచన ఒజ్జ తరళకు తండ్రి.

అప్పుడే రాజగురువైన భస్మకేతుడికి ఆ బడి కంటగింపైంది. ఎందుకవదు? అతడి బతుకంతా కనికట్టు. కళ్లు విప్పి చూడడం మరిగిన పిల్లలు రేపు పెద్దవాళ్లయితే ఆ కనికట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? "పిట్టకాలి వేళ్లు లెక్కపెట్టడం కూడా ఒక చదువేనా?" అని పకపకా నవ్వి, పిల్లల్ని తరిమేసి, రేచనను మామిడిచెట్టుకు కట్టించి తోపుకు నిప్పు పెట్టించాడు. తొమ్మిదేళ్ల తరళ ఏటిలో మెడలోతు నీళ్లలో, తుంగదుబ్బుల మాటున నిలబడి అంతా చూసింది. అరవడానికి కూడా లేదు. అరిస్తే దొరికిపోతుంది. ఆ అరుపు పదేళ్లుగా ఆమె గొంతులోనే ఉండిపోయింది.

అంతటివాడి తోటలోకి ఆమె ఎలా వచ్చిందంటే, దానికీ అతడు పెట్టిన చదువే కారణం. భస్మకేతుడికి తల్లిలేని కూతురుంది. పేరు కువలి, ఆరేళ్లది. తండ్రి పెట్టిన రాతిమందిరపు బడిలో, కిటికీ లేని గదిలో, పొద్దస్తమానం తండ్రిని పొగిడే స్తోత్రాలు వల్లెవేసి వల్లెవేసి పిల్ల పాలిపోయింది. అన్నం మానేసింది. చివరికి మాటే మానేసింది. "ఎండా గాలీ తగలకపోతే బిడ్డ దక్కదు" అని రాజవైద్యుడు తెగేసి చెప్పాడు. ఊళ్లకు ఊళ్లు కాల్చినవాడైనా కూతురి దగ్గర తండ్రేగా! దిగివచ్చాడు. కూతుర్నీ తోటి పిల్లల్నీ తోటలో తిప్పుతూ బొమ్మలు నేర్పడానికి ఒక ముసలమ్మ కావాలని చాటింపు వేయించాడు. వచ్చిన ముసలమ్మ ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఉద్యానవన వైభవం వర్ణించడం ఎవరి తరం! చంద్రకాంత శిలల సోపానాలు, వాటికి ఇరువైపులా పగడాల కాంతులీనే పూతీగలు, తీగల నడుమ పన్నీటి కాలువలు, కాలువల్లో పసిడి వన్నె మీనాలు. సురపొన్నలు, సంపెంగలు, నాగకేసరాలు, పొగడలు ఋతువుతో నిమిత్తం లేకుండా ఒక్కుమ్మడిగా విరగబూసి ఉన్నాయి. వెండి జాలరులు వేలాడే లతామండపాలలో నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి. దేశదేశాల రాజులు చూసి నోరు వెళ్లబెట్టిన తోట అది. అయితే పూలు అంత విరగబూసినా ఒక్క తేనెటీగ వాలదు. ఆ సంగతి రాజులకు తట్టలేదు. "అవ్వా, ఇక్కడ తేనెటీగలు లేవేం?" అని కువలి రెండో రోజే అడిగింది. ఆరు నెలల తరువాత ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అదే.

ఇప్పుడు మూడో రోజు. పొద్దు రెండు నిలువులు ఎక్కింది. ఎనిమిది మంది పిల్లలు నాపరాళ్ల మీద బోర్లాపడుకుని, మోచేతుల దాకా మసి పూసుకుని పక్షుల బొమ్మలు గీస్తున్నారు. బొమ్మలవ్వ వేషంలో ఉన్న తరళ కళ్లు మాత్రం సూర్యుడి మీదే ఉన్నాయి.

"అవ్వా! గుండన నా బొమ్మ తప్పంటున్నాడు!" కువలి గొంతు తోటంతా వినిపించింది.

గుండన సేనాపతి కొడుకు. ఏడేళ్లు నిండాయో లేదో, తనకు తెలియనిది లేదనుకునే రకం. "తప్పే మరి! గోరువంకకి ముందు మూడు వేళ్లు, వెనకాల ఒకటి. నిన్న అవ్వే చూపించింది. ఇదేమో ముందు రెండు, వెనకాల రెండు గీసి పారేసింది. కోతి!"

"నువ్వే కోతి! నీ తాత కోతి!"

"ఊరుకోండర్రా." తరళ ఆ బొమ్మ వంక సగం చూపు విసిరింది. "గుండన చెప్పింది నిజమే తల్లీ. గోరువంకకి ముందు మూడే ఉంటాయి. చెరిపేసి మళ్లీ గియ్యి."

కువలి చెరపలేదు. కింది పెదవి వణికింది. బొగ్గుముక్కను గుప్పెట్లో బిగించి లేచి నిలబడింది.

"నేను గియ్యను. చూసిందే గియ్యమని నువ్వే చెప్పావు. నేను చూసే గీశాను. నువ్వు ఆ పిట్టను చూశావా? చూళ్లేదుగా! చూడకుండా తప్పంటావేం?"

రేచన ఒజ్జ బడిలో ఒక కట్టుబాటు ఉండేది. గీసిన వస్తువును తాను వెళ్లి చూడకుండా పిల్లల బొమ్మను తప్పుపట్టిన ఒజ్జ, ఆ పిల్లల ముందే చెవులు పట్టుకుని గుంజీలు తీయాలి. తండ్రి రెండుసార్లు తీయగా తరళ లెక్కపెట్టింది కూడా. ఆ తండ్రి పేరు మీద పగ తీర్చుకోవడానికి వచ్చి, ఆయన మాటే మరిచిపోయింది.

"తప్పు నాదే" అని చెవులు పట్టుకుంది. ఎనభై ఏళ్ల ముసలమ్మ గుంజీలు తీస్తుంటే పిల్లలు పడీ పడీ నవ్వుతూ లెక్కపెట్టారు. "ఆరు! ఏడు! అవ్వా, సరిగ్గా కూర్చో! ఎనిమిది!"

"పద, నీ పిట్టను చూపించు" అంది తరళ రొప్పుతూ.

తోట నడిబొడ్డున పొగడచెట్టు. దాని చుట్టూ నాలుగు రాతి సింహాలు. పిల్లలు తప్ప మరెవరు ఆ చెట్టు నీడలో కాలుపెట్టినా ఆ సింహాలు లేస్తాయి. నెల కిందట పూలు రాలాయని ఊడవబోయిన తోటమాలిని రెండు ముక్కలు చేశాయి. పసిపిల్లలను మాత్రం ఏమీ చేయవు. కూతురు ఆడుకుంటుందని భస్మకేతుడే అలా ఏర్పాటు చేశాడు. పసివాళ్ల వల్ల తనకేం భయం?

చిటారుకొమ్మన గోరువంక ఒంటరిగా కూర్చుంది. మిగతా గోరువంకలు దాని చాయలకు పోవడం లేదు. "దానికి స్నేహితులు లేరవ్వా, పాపం" అంది కువలి. తరళ నీడ అంచున నిలబడి, కళ్లు చికిలించి చూసింది. పసుపు ముక్కు, పసుపు కాళ్లు, గోధుమ రంగు ఒళ్లు, అచ్చం గోరువంకే. కొమ్మను పట్టుకున్న వేళ్లు మాత్రం ముందు రెండు, వెనక రెండు.

అవి చిలక వేళ్లు!

ఓరి నీ తెలివి కాలిపోను! ప్రాణం చిలకలోనే దాచాడు. శత్రువులు చిలకల్నే వెతుకుతారని తెలిసి దానికి గోరువంక వేషం వేశాడు. ఈక మార్చాడు, ముక్కు మార్చాడు, కూత మార్చాడు. కాలివేళ్లు ఎవడు లెక్కపెట్టొచ్చాడులే అనుకున్నాడు. అసలు పిట్టకాలికి వేళ్లెన్నో అతడికే తెలిసి ఉండదు.

"కువలీ, అది చిలకో గోరువంకో తేల్చుకుందామా?" తరళ కొంగు ముడి విప్పి పండుమిరపకాయ తీసింది. చిలకల కోసం మూడు రోజులుగా మోస్తున్న కాయ అది. "దీన్ని అరచేతిలో పెట్టుకుని చెట్టు కింద కదలకుండా కూర్చో. ఊపిరి కూడా మెల్లగా తియ్యి. వస్తే రెండు చేతుల్తో పట్టి నాకు తెచ్చివ్వు."

శత్రువు ప్రాణం తీయడానికి శత్రువు బిడ్డనే పంపుతున్నానన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది, పోయింది. అందుకు ఆమె సిగ్గుపడలేదు కూడా.

కువలి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆకు కదలలేదు. కాసేపటికి పక్షి ఒక కొమ్మ దిగింది. ఇంకో కొమ్మ దిగింది. రివ్వున వచ్చి పిల్ల మణికట్టు మీద వాలింది. మిరపకాయను ముక్కుతో కాదు, కాలితో అందుకుంది. దాన్ని ఒంటికాలితో నోటికెత్తుకుని తాపీగా కొరికింది!

"చేత్తో తిన్నట్టు తింటోందిరోయ్!" గుండన ఉండబట్టలేక అరిచాడు.

కువలి రెండు చేతులూ మూసింది. పట్టుకున్న పిట్టను గుండెకు ఆనించుకుని, ముఖమంతా నవ్వుతో పరిగెత్తుకొచ్చింది. "ఇదిగో అవ్వా! నేనే గెలిచాను!" అంటూ తండ్రి ప్రాణాన్ని తరళ చేతుల్లో పెట్టింది.

తాము కాపు కాస్తున్న పక్షి నీడ దాటిందో లేదో, నాలుగు రాతి సింహాలూ జూలు విదిలించాయి. నేల దద్దరిల్లింది. పిల్లలు కెవ్వుమన్నారు. "కాలువ దాటండి! మండపం ఎక్కండి!" అని అరుస్తూ తరళ మూలికను తుపుక్కున ఉమ్మేసింది. ముడతలు జారిపోయాయి, గూని పోయింది, నెరిసిన జుట్టు నల్లగా వీపంతా పరుచుకుంది. ఒక చంకలో గుండనను, మరో చంకలో కువలిని ఇరికించుకుని, పిడికిట్లో పక్షితో కాలువ మీదుగా దూకింది. మొదటి సింహం పంజా ఆమె పమిట చెంగును చీల్చుకుపోయింది. రెండోది గాలిలోకి లేచింది. పిల్లల్ని మండపం మెట్ల మీదికి విసిరేసి, తరళ పక్షి రెక్కలోంచి ఒక్క ఈక పట్టుకుని పెరికింది.

గాలిలో ఉన్న సింహం బండరాయై ధబాలున కాలువలో పడింది. మిగతా మూడూ ఎక్కడివక్కడే రాళ్లయిపోయాయి.

అదే క్షణాన, కొలువులో రాజుగారికి ఆశీర్వచనం చదువుతున్న భస్మకేతుడు చంక పట్టుకుని మూలిగాడు. మరుక్షణం సింహాసనం పక్కన అతడు లేడు. తోట మీదికి నల్లటి పొగ సుడి తిరుగుతూ దిగింది. పొగలోంచి నిండు యవ్వనంలో ఉన్న మనిషి, పట్టువస్త్రాలతో, ఉంగరాల జుట్టుతో బయటికొచ్చాడు.

తరళ అప్పుడే పక్షి గొంతు నులమవచ్చు. నులమలేదు. పదేళ్లు ఎదురుచూసింది ఊరికే చంపడానికి కాదు. ఎవరు చంపుతున్నారో తెలిసి వాడు చావాలి.

"ఎవరు నువ్వు?" అన్నాడు భస్మకేతుడు.

"నన్ను గుర్తుపట్టలేవులే. నువ్వు ఎవర్నైనా సరిగ్గా చూస్తేగా! ఏటిగట్టు బడి రేచన ఒజ్జ కూతుర్ని. పిట్టకాలి వేళ్లు లెక్కపెట్టే చదువు నాది." పక్షి కాలు పైకెత్తి చూపించింది. "లెక్కపెట్టు. రెండు ముందు, రెండు వెనక. నీ చావు ఇక్కడుందిరా!"

అతడి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. పెదవులు ఏదో మంత్రం గొణిగాయి. తరళ కాళ్ల కింద నేల బురదై మోకాళ్ల దాకా మింగేసింది. ఆమె రెండో ఈక పెరికింది. బురద మళ్లీ నేలైంది. భస్మకేతుడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఇది మా నాన్నను కట్టేసిన తాడుకు" అంది తరళ. మూడో ఈక పెరికింది. "ఇది నువ్వు నవ్విన నవ్వుకు."

ఆ ఈకలో ఉన్నది అతడి యవ్వనం. ఉంగరాల జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. చర్మం వేలాడింది, పళ్లు ఊడాయి. నూరేళ్లు దాటిన ముసలివాడొకడు పట్టువస్త్రాలలో వణుకుతూ మిగిలాడు. ఆ యవ్వనం మీదే నిలిచిన తోటంతా గలగలమని రాలిపోయింది. సురపొన్నలు లేవు, పన్నీటి కాలువలు లేవు. అంతా తుప్పలు, బురదగుంటలు. నోళ్లు తెరుచుకుని చూస్తున్న పిల్లల ఎదుట తరళ పదేళ్ల తరువాత మొదటిసారి నవ్వింది. హాయిగా ఉందామెకు. కడుపు నిండినట్టుంది.

రెండు వేళ్లు పక్షి గొంతు మీదికి పోనిచ్చి నొక్కింది. ముసలివాడు గొంతు పట్టుకుని గిలగిలా కొట్టుకున్నాడు.

"ఆగు!" అంది కువలి.

అరవలేదు, ఏడవలేదు. మండపం మెట్లు దిగివచ్చి పక్షి వంక చూసింది, ముసలివాడి వంక చూసింది. "నువ్వు పిట్టను నొక్కితే ఆ తాతకు నొప్పి పుడుతోంది" అంది. ఆ తరువాత ముసలివాడి ముందుకు వెళ్లి నిలబడింది. మూడు రోజులుగా నేర్చుకున్నట్టే చూసింది. తొందర లేకుండా, పైనుంచి కిందికి చూసింది. బట్టతల, ముడతలు, బోసినోరు అన్నీ చూసింది. చెయ్యి చాపి వాడి కనుబొమ్మ తడిమింది.

"కళ్లు నాన్నవే" అంది. "ఈయన మా నాన్నే." అని ముసలివాడి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి వాటేసుకుంది.

తరళ వేళ్లు గొంతు మీదే ఉన్నాయి. ఇంకాస్త నొక్కితే చాలు. పదేళ్ల పగ చల్లారుతుంది. ఆరేళ్ల పిల్ల చేతుల్లోనే తండ్రి పీనుగవుతాడు.

"పిల్లను లోపలికి పంపు" అంది తరళ. "నేను చూసినట్టు అది చూడకూడదు. పంపెయ్. తరువాత నీ పని చూస్తాను."

భస్మకేతుడు దగ్గు ఆపుకుంటూ తలెత్తాడు. బోసినోటితో నవ్వాడు. "పంపనే!" అని కూతుర్ని మరింత గట్టిగా పొదువుకున్నాడు. "ఇది నా మెడ పట్టుకుని ఉన్నంతసేపూ నువ్వు నన్నేం చేయగలవు? చేయి చూద్దాం! నీ నాన్న నేర్పిన చదువు అంతేగా!"

థూ! కన్నబిడ్డను డాలు చేసుకున్నాడు. తరళకు ఒళ్లు మండిపోయింది. అయినా వేళ్లు బిగుసుకోలేదు. వాటి మీద ఆమెకే కోపం వచ్చింది. ఇంతలో కోట వైపునుంచి బూరలు మోగాయి. విలుకాళ్లు బిలబిలమంటూ తోటలోకి దూసుకొచ్చారు. ఇక నిలబడితే పక్షీ పోతుంది, పగా పోతుంది. తరళ వెనుదిరిగి పరిగెత్తింది. బురదగుంటలు దాటి, కూలిన మరో మండపం స్తంభం మీదుగా ఎగబాకి ప్రాకారం ఎక్కింది. కింద ఏరు వరద మీద ఉంది.

విలుకాళ్లు నారి సారించారు.

"వేయకండి! ఒరే, బాణం వేయకండిరా! పిట్టకు తగిలితే నేను చస్తాను!" అని భస్మకేతుడు గావుకేక పెట్టాడు. ముప్పైమంది విలుకాళ్లు ముఖాలు చూసుకున్నారు. రాజగురువు గొంతుతో అరుస్తున్న ఈ ముసలివాడెవడో వాళ్లకు అర్థం కాలేదు.

"రోజుకో ఈక పెరుకుతానురా!" తరళ ప్రాకారం మీదినుంచి అరిచింది. "నువ్వు ఎక్కడున్నా ఆ నొప్పి నీకు తెలుస్తుంది. ఈ పిల్ల నిన్ను వదిలిన పూట నీ గొంతే!"

"ఏయ్!" అని కింద సన్నటి గొంతు వినిపించింది. కువలి తండ్రిని వదిలి ప్రాకారం అడుగుకు వచ్చి నిలబడింది. ఇప్పుడు అవ్వా అనలేదు. "నువ్వు నాతో అబద్ధం ఆడావు. నాతోనే పట్టించావు. మా నాన్నను ఏడిపించావు. నా పిట్టను చంపావంటే నిన్ను ఊరుకోను. నేను పెద్దయ్యాక నువ్వు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాను."

"నన్ను గుర్తుపట్టగలవా?" అంది తరళ. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

కువలి కూలిన రాయి ఒకటి చూసుకుని దాని ముందు గొంతుక్కూర్చుంది. గుప్పెట్లో నలిగిపోయిన బొగ్గుముక్క తీసింది. తలెత్తి ప్రాకారం మీదున్న ముఖాన్ని చూసింది, వంగి ఒక గీత గీసింది. మళ్లీ చూసింది, మళ్లీ గీసింది.

పిల్ల తండ్రిని వదిలేసింది, ఇప్పుడే పక్షి గొంతు నొక్కవచ్చు, అది చూస్తుండగా తరళ నొక్కలేదు. ముఖం తిప్పుకోవచ్చు, తిప్పుకోలేదు. ఆ పిల్ల గడ్డం దాకా గీయడం పూర్తయ్యేవరకూ కదలకుండా నిలబడి, పక్షిని గుండెకు అదుముకుని ఏట్లోకి దూకింది.